కోత పండుగ నుంచి పెంతెకొస్తు దాకా: గంప ఎవరు మోయాలి?



ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయంలో ప్రథమ ఫలాల గంప గురించి చదువుతాం. పంట పండించిన మనిషి తన పొలంలో మొదట పండినదాన్ని గంపలో పెట్టుకుని, తానే ఎత్తుకుని ప్రభువు సన్నిధికి రావాలి. యాజకుడు ఆ గంపను అందుకుని బలిపీఠం ముందు పెడతాడు. అంతటితో ఆరాధన అయిపోదు. గంప తెచ్చిన మనిషే నోరు విప్పి, తన పితరుడు ఎలా సంచరించాడో, దేవుడు తన ప్రజలను ఎలా విడిపించాడో చెప్పాలి. ఆ తర్వాత లేవీయునితో, తన మధ్యనున్న పరదేశితో కలిసి సంతోషించాలి. మోయడం, చెప్పడం, పంచుకోవడం. ఈ మూడింటినీ దేవుడు యాజకునికి అప్పగించలేదు, సామాన్య విశ్వాసికి అప్పగించాడు.

ఈ 2025 సెప్టెంబరు నుంచి వచ్చే మే నెల దాకా మన సంఘాల్లో పండుగలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఏ పండుగ ఎప్పుడు, దాని అర్థమేమిటి, మనం ఏ పనిలో చెయ్యి వేయవచ్చు అన్నది నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల సంఘస్థులను దృష్టిలో పెట్టుకుని ఈ వ్యాసంలో వివరిస్తున్నాం.

మన ఊళ్లలో ఆంగ్లికన్లు ఎవరు?

మన పట్టణాల్లో "ఆంగ్లికన్ చర్చి" అన్న బోర్డు వెతికితే దొరకడం కష్టం. ఆ వారసత్వం నేడు సీఎస్ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘంలో ఉంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ విశ్వాసులు అప్పటికే కలిసి ఏర్పరచుకున్న సంఘం, అన్నీ ఏకమై సీఎస్ఐగా రూపొందాయి. అందువల్ల సీఎస్ఐ నేడు ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలోనూ సభ్యురాలే, ప్రపంచ మెథడిస్టు మండలిలోనూ సభ్యురాలే. తెలంగాణలో దానికి మెదక్, డోర్నకల్, కరీంనగర్ డయాసిస్‌లు ఉన్నాయి. మెదక్‌ది వెస్లియన్ మెథడిస్టు వారసత్వం. డోర్నకల్‌ది ఆంగ్లికన్ వారసత్వం. మీ సంఘం ఏ డయాసిస్ కిందిదో తెలియకపోతే చందా రసీదు చూడండి, లేదా అయ్యగారిని అడగండి. డోర్నకల్ ఉన్నది మహబూబాబాద్ జిల్లాలో. పేరు దగ్గరగా ఉండటం వల్ల దాన్ని మహబూబ్‌నగర్‌తో కలిపేసుకునేవారు ఉంటారు కాబట్టి ఈ మాట చెప్పవలసి వస్తోంది.

డోర్నకల్ డయాసిస్ మొదటి బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, పేద పల్లెల మధ్య పని చేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశానికి ముందు నిలిచినవారిలో ఆయన ఒకరు. అయితే ఆ ఐక్యతను కళ్లారా చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్లారు.

మన రెండు పాత జిల్లాల్లో మొదట నుంచీ ఎక్కువగా పని చేసినవారు మాత్రం బాప్టిస్టులు, మెనొనైట్ బ్రెదరెన్‌వారు. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దొరగారు 1890 నుంచి నల్లగొండలో బాప్టిస్టు మిషను పని చేశారు. దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, జడ్చర్ల అనగానే పెద్దలకు మెనొనైట్ మిషనే గుర్తుకొస్తుంది. కాబట్టి ఈ మెట్ట ప్రాంతంలో సీఎస్ఐ సంఘస్థులు అక్కడక్కడ, కొద్ది కొద్ది కుటుంబాలుగా ఉన్నారు. ఎక్కువమంది ఉన్నచోట ఒకరు తప్పుకున్నా పని ఆగదు. పది కుటుంబాలున్న సంఘంలో రెండు కుటుంబాలు చేతులు ముడుచుకుంటే ఆదివారం గంట కొట్టేవారు కూడా ఉండరు.

ఎందుకు ఈ ఆందోళన

మన పల్లెల పరిస్థితి మనకు తెలియనిది కాదు. పాలమూరు వలసల గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. కొందరు ముంబయికి, పుణెకు పనికి పోతారు. చదువుకున్న పిల్లలు హైదరాబాదులో స్థిరపడతారు. ఊళ్లో మిగిలేది ముసలివారు, కూలికి పోయే ఆడవారు, బడి పిల్లలు. క్రిస్మస్‌కు మాత్రం గుడి నిండుతుంది. వచ్చినవారు పాడుకుని, భోంచేసి, ఫొటోలు దిగి వెళ్తారు. జనవరి రెండో ఆదివారానికి వాక్యం చదివేవారు లేక అమ్మగారే మూడు పాఠాలూ చదువుతారు.

సీఎస్ఐలో ఒక పాస్టరేట్ కింద చాలా చోట్ల అనేక గ్రామ సంఘాలు ఉంటాయి. అయ్యగారు ప్రతి ఊరికీ ప్రతి ఆదివారం రాలేరు. ఆయన రాని ఆదివారాల్లో ఆరాధన నడిపేది ఉపదేశకులు, సంఘ పెద్దలు. అంటే మన సంఘాలు నిలబడింది సంఘస్థుల చేతుల మీదే. అజరయ్యగారు ఈ సంగతి బాగా ఎరిగినవారు. బాప్తిస్మం పొందిన ప్రతివారినీ తమ చేతిని తమ తల మీద పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమ అని పలకమనేవారు. ఆ మాట 1 కొరింథీయులకు 9వ అధ్యాయంలో పౌలుది. చదువు రాని కూలివారితో సైతం ఆయన ఆ మాట పలికించారు. డోర్నకల్ డయాసిస్‌లో ఏటా సాక్ష్య వారం పెట్టి, సంఘస్థులనే చుట్టుపక్కల పల్లెలకు పంపించారు. జీతం తీసుకునే పనివారి మీదే సంఘం ఆధారపడితే అది పెరగదని ఆయన నమ్మకం.

రాబోయే పండుగలు, మన పని

సెప్టెంబరు 27, సీఎస్ఐ దినము. ఈ ఏడాది శనివారం వచ్చింది. అందువల్ల మరునాడు 28న ఆదివారం ఆరాధనలో జ్ఞాపకం చేసుకోవడం అనుకూలం. సంఘం ఏర్పడి 78 ఏళ్లు. ఆ రోజు అయ్యగారి ప్రసంగంతో సరిపెట్టకుండా, మీ ఊళ్లో గుడి ఎప్పుడు కట్టారు, మొదట బాప్తిస్మం పొందిన కుటుంబాలేవి అన్నది పెద్దల చేత చెప్పించండి. యవ్వనస్థులు దాన్ని ఒక నోటుపుస్తకంలో రాయండి. అవి తెలిసినవారు వెళ్లిపోయాక ఎవరినని అడుగుతాం? దసరా సెలవులకు, అంటే అక్టోబరు 2 ముందూ వెనుకా, వలస వెళ్లినవారు చాలామంది ఇంటికి వస్తారు. వారిని కలిసి మాట్లాడటానికి ఇదే మంచి సమయం.

కోత పండుగ. దీనికి అందరికీ ఒకే తేదీ లేదు. ప్రతి పాస్టరేట్ తన పంటను బట్టి నిర్ణయించుకుంటుంది. ఈ విషయంలో ఒక మనవి. మన మెట్టలో వరి కోత, పత్తి ఏరడం, వేరుశనగ తీయడం ఒకేసారి జరగవు. పత్తి ఏరే రోజుల్లో ఆడవారు పొద్దున పోతే మాపటికి గాని రారు. పట్టణంలో ఉన్న కమిటీ తన వీలు చూసుకుని తేదీ పెడితే పండించినవారే పండుగకు రాలేకపోతారు. కాబట్టి తేదీ పెట్టకముందు పల్లెల స్త్రీలను అడగండి. ఆ రోజు జొన్నలు, వడ్లు, గుమ్మడికాయ, కోడిపుంజు, గుప్పెడు పత్తి, ఏది తెచ్చినా తెచ్చినవారే బలిపీఠం దగ్గరికి తీసుకురావాలి. వేలం పాటలో ఎక్కువ పాడినవారికి చప్పట్లు కొడతాం, మంచిదే. భూమి లేని కూలి తల్లి తెచ్చిన సోలెడు బియ్యాన్ని కూడా పేరు పెట్టి ప్రార్థించి అందుకోవాలి.

నవంబరు 1, సకల పరిశుద్ధుల దినము. నవంబరు 2, మృతుల జ్ఞాపకార్థ దినము. మన భాషలో సమాధుల పండుగ. ఈసారి 2వ తేదీ ఆదివారమే వచ్చింది. ముందు వారమే యవ్వనస్థులు కలిసి సమాధుల స్థలంలో ముళ్లకంప కొట్టి శుభ్రం చేయవచ్చు. తమవారంటూ ఎవరూ మిగలని సమాధులను కూడా శుభ్రం చేసి, అక్కడ ఒక పువ్వు పెట్టండి.

నవంబరు 30, ఆగమన కాలపు మొదటి ఆదివారం. సంఘ సంవత్సరం జనవరి 1తో కాదు, ఈ రోజుతోనే మొదలవుతుంది. నవంబరు 30కి దగ్గరగా ఉన్న ఆదివారాన్ని ఇందుకు లెక్కిస్తారు. ఈ ఏడాది సరిగ్గా ఆ తేదీనే ఆదివారం. క్రిస్మస్ వరకు ఉన్న నాలుగు ఆదివారాలూ సిద్ధపాటు కోసం. సెమీ క్రిస్మస్ వేదికలు, లైట్లు, సౌండ్ బాక్సులు ఈ సిద్ధపాటును మింగేయకుండా చూసుకుందాం. రోజుకొక ఇంట్లో ప్రార్థన పెట్టుకోండి. గుడికి రాలేని వృద్ధుల ఇంటితో, రోగుల ఇంటితో మొదలుపెట్టండి.

డిసెంబరు 25, క్రిస్మస్. ఈ రోజున వేలాదిమంది మెదక్ కెథడ్రల్‌కు వెళ్తారు. ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది కూడా 1924 క్రిస్మస్ నాడే. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యంలో, కరవులో ఉన్నవారికి కూలి దొరికేలా దాన్ని కట్టారు. వెళ్లి చూడటం మంచిదే. ముందు మన ఊరి గుడిలో ఆరాధన చేసుకుని వెళ్దాం. ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం కుటుంబాలకు ఆ రోజు ఒక గిన్నె పాయసమైనా అందాలి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన, జనవరి 6 ప్రత్యక్షత పండుగ. జ్ఞానులు శిశువైన యేసును దర్శించిన సంగతిని ప్రత్యక్షత పండుగలో జ్ఞాపకం చేసుకుంటాం. డోర్నకల్ కెథడ్రల్‌ను 1939లో ఈ రోజునే ప్రతిష్ఠించారు, దాని పేరు కూడా ప్రత్యక్షత దేవాలయమే. మన ప్రాంతపు గుమ్మటాలూ మినారులూ కలిసిన ఆ కట్టడాన్ని మన పిల్లలు ఒకసారైనా చూడాలి. సంక్రాంతి సెలవుల్లో ఆదివారపు బడి పిల్లలను తీసుకువెళ్లడం వీలవుతుందేమో ఇప్పుడే ఆలోచించండి.

జనవరి 18 నుంచి 25 వరకు, క్రైస్తవ ఐక్యత ప్రార్థన వారం. మన జిల్లాలకు ఇది ఎంతో అవసరమైన వారం. మన చుట్టూ ఉన్నది బాప్టిస్టు, మెనొనైట్, కతోలిక, పెంతెకొస్తు సహోదరులు. వారి గుడి గడప తొక్కకుండా ఏళ్లు గడిపేవారున్నారు. ఐక్యత కోసమే పుట్టిన సంఘంగా మనమే ముందడుగు వేసి, ఒక సాయంకాలం వారి దగ్గరికి వెళ్దాం, ఒక సాయంకాలం వారిని పిలుద్దాం.

ఫిబ్రవరి 18, భస్మ బుధవారం. ఇక్కడి నుంచి నలభై దినాల శ్రమల కాలం. మార్చి 6, శుక్రవారం, ప్రపంచ ప్రార్థనా దినము. ఈసారి ఆరాధన క్రమాన్ని సిద్ధం చేసేది నైజీరియా దేశపు స్త్రీలు. ఈ కూడికను స్త్రీలే నడుపుతారు. ఏటా ఒకరిద్దరే ముందు నిలబడకుండా, ఈసారి ఎప్పుడూ మైకు పట్టుకోని ఒక అక్కకు ఒక ప్రార్థన అప్పగించండి. మార్చి 29 మట్టల ఆదివారం, ఏప్రిల్ 3 శుభ శుక్రవారం, ఏప్రిల్ 5 పునరుత్థాన పండుగ. శుభ శుక్రవారపు ఏడు మాటల ప్రసంగాలను చాలా చోట్ల సంఘస్థులకు, యవ్వనస్థులకు ఇస్తున్నారు. మీకు ఆశ ఉంటే ఫిబ్రవరిలోనే అయ్యగారికి చెప్పండి. మే నెలలో సెలవుల బైబిలు పాఠశాలకు ఉపాధ్యాయులు కావాలి. మే 24 పెంతెకొస్తు పండుగ.

లోపలికి రావడం ఎలా

"మాకు చేయాలని ఉంది, కాని ఎవరూ పిలవరు" అనేవారి కోసం కొన్ని మాటలు.

మొదటిది, సభ్యత్వం. బాప్తిస్మం పొంది, కన్ఫర్మేషన్ జరిగి, ప్రభు బల్లలో పాలుపొందుతూ, చందా చెల్లించేవారిని సంఘం పూర్తి సభ్యులుగా లెక్కిస్తుంది. పాస్టరేట్ కమిటీని ఎన్నుకునేది వారే. చందా బాకీ పడి, పేరు జాబితాలో లేకుండా, తర్వాత కమిటీ మీద సణుక్కుంటే ప్రయోజనం లేదు. మీ పేరు ఉందో లేదో ఈ నెలలోనే చూసుకోండి. కన్ఫర్మేషన్ కాని పిల్లలుంటే, బిషప్‌గారు వచ్చే ముందు జరిగే బోధన తరగతుల్లో చేర్పించండి. లెక్కలు తెలిసినవారు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు కమిటీకి రావడానికి వెనుకాడకండి. సంఘపు లెక్కలు ప్రతివారికీ కనిపించేలా రాసి పెట్టడం కూడా దేవుని సేవే.

రెండవది, ఆరాధనలో పాలు. 1950లో సీఎస్ఐ రూపొందించిన ప్రభు రాత్రి భోజన క్రమంలో సంఘస్థులు చదివే పాఠాలు, పలికే జవాబులు, చేతి నుంచి చేతికి అందించే సమాధానపు వందనం ఉన్నాయి. కేరళలోని పురాతన సిరియను క్రైస్తవుల ఆరాధన నుంచి ఈ వందనాన్ని తీసుకున్నారు. అది అయ్యగారి దగ్గర మొదలై చివరి బెంచీ దాకా చేరాలి. వాక్య పఠనం, పాటలు, కానుకల సేకరణ, గుడి శుభ్రత, బలిపీఠపు పువ్వులు, ఆదివారపు బడి, వీటిలో ఏదో ఒకటి మూడు నెలలపాటు మీ పనిగా తీసుకోండి. ఒక్కరోజు ఉత్సాహం కంటే మూడు నెలల నమ్మకం సంఘానికి మేలు చేస్తుంది.

మూడవది, ఇవ్వడం. అజరయ్యగారు క్రైస్తవుడు ఇవ్వడం ఎలాగో ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. వంట కోసం బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు పక్కకు పెట్టే అలవాటు మన తల్లులది. ఆ పిడికిళ్లే మన గుళ్లను నిలబెట్టాయి. ఇప్పుడు ఫోనులో డబ్బు పంపే రోజులు వచ్చాయి. పద్ధతి ఏదైనా క్రమం తప్పకుండా ఇవ్వండి, రసీదు అడిగి తీసుకోండి.

నాలుగవది, వలస వెళ్లేవారి సంగతి. హైదరాబాదుకు వెళ్తే అయ్యగారి దగ్గర సభ్యత్వ బదిలీ ఉత్తరం తీసుకుని అక్కడి సీఎస్ఐ సంఘంలో చేరండి. ముంబయి, పుణె వైపు వెళ్తే సీఎన్ఐ, అంటే ఉత్తర ఇండియా సంఘం ఉంది. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఏర్పడిన ఆ సంఘంతో మనకు పూర్తి సహవాసం ఉంది, అక్కడి ప్రభు బల్ల మనకు పరాయిది కాదు. ఊరి సంఘం కూడా ఊరుకోకూడదు. వెళ్లినవారి పేర్లు రాసుకుని నెలకొకసారి ఆరాధనలో ప్రార్థించాలి.

చివరగా స్త్రీల మాట. మన పల్లె సంఘాలను నడుపుతున్నది స్త్రీల మైత్రి. తుడిచేది, వండేది, పాడేది, రోగిని పరామర్శించేది వారే. 2013లో నంద్యాల డయాసిస్‌కు ఎగ్గోని పుష్పలలితగారు బిషప్ అయ్యారు. సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ మన తెలుగు నేలకే వచ్చారు. బిషప్ పీఠం మీద స్త్రీ కూర్చున్న సంఘంలో, పాస్టరేట్ కమిటీ బల్ల చుట్టూ స్త్రీలు ఎందరున్నారో ప్రతి సంఘమూ లెక్క చూసుకోవాలి. పని వారిది, తీర్మానం మరొకరిది అన్నట్టు ఉండటం వాక్యానికి తగినది కాదు. 1 కొరింథీయులకు 12వ అధ్యాయం ప్రకారం శరీరంలో ఏ అవయవం మరొకదాన్ని అక్కర్లేదనడానికి వీల్లేదు.

ఈ వారం చేయవలసినది

పెద్ద తీర్మానాలు అవసరం లేదు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వెంటనే బయటికి వెళ్లకుండా ఆగి, అయ్యగారినో ఉపదేశకులనో కలవండి. పైన చెప్పిన పండుగల్లో ఒకటి ఎంచుకుని, "దీంట్లో ఈ పని నాది" అని చెప్పండి. అయ్యగార్లకు కూడా ఒక విన్నపం: అలా వచ్చినవారిని "చూద్దాం" అని పంపేయకండి. అక్కడికక్కడే పేరు రాసుకుని, తేదీ చెప్పండి. పిల్లవాడైతే గంట తాడు వాడి చేతికివ్వండి. అక్షరం రాని అవ్వ అయితే ప్రార్థన చేయమనండి.

యాజకుడు గంపను అందుకుంటాడు, అంతే. దాన్ని పొలం నుంచి ఎత్తుకుని రావలసినది మనం. ఈ సంవత్సరపు పంటలోనూ, పండుగలలోనూ ప్రభువు మిమ్మల్నీ మీ ఇంటివారినీ మీ సంఘాన్నీ ఆశీర్వదించునుగాక. ఆమేన్.